ఉయ్యాలలు – నిల్

పదహారేళ్లుగా రెండు ముక్కలు మోస్తున్నాను. రెండే. అవీ ఇంగ్లీషు ముక్కలు. "వాషింగ్, సర్." ఉతికి ఆరేసిన బట్టలండీ అని అర్థం. వినగానే మీకు నవ్వొస్తుంది, ఇంతేనా అనిపిస్తుంది. నాకూ అలా అనిపిస్తే ఎంత బాగుండునో! ఒంటిమీద నీళ్లు పోసుకుంటున్నప్పుడు, బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినప్పుడు, కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తురాక గరిటె పట్టుకుని నిలబడ్డప్పుడు ఆ రెండు ముక్కలూ పిలవకుండా వచ్చి కూర్చుంటాయి. మా ఆయనకి చెప్పలేదు. అక్కకి చెప్పలేదు. దేవుడికి కూడా తిన్నగా చెప్పలేదు. దణ్ణం పెట్టుకుని, నీకు తెలుసుగా అని దాటేసేదాన్ని.

మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే నోరు పెగులుతోంది. మధ్యలో ఆపకండి. ఆపితే మళ్లీ మొదలుపెట్టగలనో లేదో చెప్పలేను.

నేను జంషెడ్‌పూర్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఏ ఆఫీసో వద్దు. ఆడకూలీలు ఎక్కువమంది పనిచేసే చోట వాళ్ల పిల్లల్ని చూసుకోవడానికి ఒక గది ఉండాలని నియమం. క్రెష్ అని కాగితాల్లో రాస్తారు, మనవాళ్లు పిల్లల గది అంటారు. ఆ గదుల్ని చూసి, కొలిచి, మార్కులు వేసి, లైసెన్సు ఇవ్వాలో మూసేయించాలో తేల్చడం మా సెక్షన్ పని. డెబ్బైల మొదట్లో చేరాను. మా ఆయన టాటానగర్ లోకో షెడ్‌లో ఫిట్టర్. రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ వచ్చిన ఆడపిల్ల దొరకడం ఆ రోజుల్లో కష్టం కాబట్టి, ఉద్యోగం నన్ను వెతుక్కుంటూ వచ్చిందనే చెప్పాలి. నాకూ కాస్త గీర ఉండేది. చేతికి గడియారం, భుజానికి బ్యాగు, అందులో కొలిచే టేపు.

ఫారం నాలుగు పేజీలు. గది పొడవెంత, వెడల్పెంత, ఒక్కో పిల్లకి ఎంత చోటు వస్తుంది, కిటికీలెన్ని, గోడలకి సున్నం ఎప్పుడు వేశారు, తాగేనీళ్లకి మూత ఉందా, సబ్బు ఉందా, తువ్వాళ్లు ఉన్నాయా, పాలు ఎప్పుడు పడతారు, హాజరు పుస్తకం రాస్తున్నారా. ఒక్కోదానికి ఇన్నేసి మార్కులు. అన్నీ కూడితే ఏ, బీ, సీ అని మూడు గ్రేడులు. ఏ గానీ బీ గానీ వస్తే లైసెన్సు, పాలపొడి, సబ్బులు. సీ వస్తే నెలలో మూసేయాలి.

ఇందులో ఒక గడి మాత్రం మిగతావాటిలాంటిది కాదు. మూడో పేజీలో ఉంటుంది. రెండేళ్ల లోపు పిల్లలకి ఒక్కొక్కరికి విడిగా ఒక మంచమో ఉయ్యాలో ఉండి తీరాలి. అది లేకపోతే మిగతా అన్నిట్లో నూటికి నూరొచ్చినా సీ గ్రేడే. చంటిపిల్లల్ని కటిక నేలమీద వరసగా పడుకోబెడితే తొక్కిడి, చెమ్మ, పురుగూ పుట్రా. మంచి నియమమే. అప్పుడూ మంచిదే, ఇప్పుడూ మంచిదే. తప్పు నియమానిది కాదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే చాలా ఏళ్లు ఆ నియమాన్నే తిట్టుకుని బతికాను.

పర్సుడీహ్ బజారు వెనక ఒక పెంకుటింట్లో పైడమ్మ ఉండేది. పలాస వైపు మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ముందు ఒక గది, వెనక ఒక వంటగది, అంతే ఇల్లు. కాంట్రాక్టరు కింద ఇటుకలూ ఇసుకా మోసే మన తెలుగు ఆడవాళ్లు పొద్దున్నే పిల్లల్ని ఆవిడ దగ్గర దించి పనికి పోయేవారు. నియమానికి భయపడి ఆ కాంట్రాక్టరు ఆవిడ ఇంటినే తన పిల్లల గదిగా చూపించుకుని, ఆవిడకి జీతం ఇచ్చేవాడు. మొత్తం ఇరవై మంది పిల్లలు. అందులో రెండేళ్లు నిండనివాళ్లు పదకొండు మంది. ఆ పదకొండో పిల్ల నా కూతురు.

అవును. నా కూతురే. ఆఫీసులో ఎవరికీ తెలియదు. మా అత్తగారు ఊరు వదిలి రానన్నారు, మా ఆయనకి షిఫ్టులు, పిల్లని ఎక్కడ పెట్టను? ఆర్నెల్ల పిల్లప్పుడు పైడమ్మ చేతిలో పెట్టాను.

పిల్లని చేర్చుకునేటప్పుడు పైడమ్మ ఒకటే అడిగేది. తల్లి కట్టి విడిచిన చీర ఒకటి తెచ్చివ్వాలి. కొత్తది ఒప్పుకోదు, ఉతికి తెచ్చినా ఒప్పుకోదు. దూలానికి తాడు వేసి, ఆ తాడుకి చీర రెండు కొసలూ ముడేసి ఉయ్యాల చేసేది. "అమ్మ వాసన నేకపోతే గుంట ఎలా తొంగుంటాది?" అనేది. ఎవరి ఉయ్యాల వాళ్లదే. ఎర్రచీర పిల్లని పసుపుచీరలో వేసేది కాదు, ఎంత ఏడ్చినా సరే. వారానికోసారి ఉతికి, మళ్లీ ఆ తల్లికే ఇచ్చి, ఒక పూట కట్టుకుని తెమ్మనేది. ఆడవాళ్లు నవ్వుకుంటూ ఆ పాత చీరలు కట్టుకుని పనికి పోయేవారు. నాది ఆకుపచ్చ నేత చీర, పసుపు అంచు. ఆదివారాలు ఇంట్లో అది కట్టుకుని వంట చేసి, సోమవారం తీసుకెళ్లి ఇచ్చేదాన్ని.

మిగతా గదుల సంగతి నాకు తెలుసు కదా. ఏ గ్రేడు వచ్చిన ఒకచోట ఇనప మంచాలు వరసగా, దుప్పట్లు నలగకుండా పరిచి ఉండేవి. పిల్లలు మాత్రం వరండాలో, ముక్కులు కార్చుకుంటూ. దుప్పటి నలగకూడదు కాబట్టి మంచం ఎక్కనిచ్చేవారు కాదు. ఏడుస్తున్న పిల్లని ఎంతసేపట్లో ఎత్తుకున్నారు అనే గడి ఫారంలో లేదు. ఉంటే పైడమ్మకి ఏ కన్నా పైన ఇంకో అక్షరం కావాల్సి వచ్చేది. ఇది తెలిసిన మనిషిని నేను. తెలియక చేశాననడానికి లేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. పక్కదారులు తొక్కుతున్నానని నాకే తెలుస్తోంది.

అక్కడి పిల్లలందరూ పైడమ్మని అమ్మ అనేవారు. నన్ను పైడమ్మ ఆపీసమ్మ అనేది. గౌరవంగానే. "ఆపీసమ్మ వచ్చినాది, పిల్లకి మొకం తుడవండ్రా" అనేది. నా కూతురు ఆ మాట పట్టేసింది. పైడమ్మ అమ్మ, నేను ఆపీసమ్మ. ఇంట్లో కూడా అదే పిలుపు. అన్నం పెడితే ఆపీసమ్మ, స్నానం చేయిస్తే ఆపీసమ్మ. మా ఆయనకి అదో వినోదం. "ఆఫీసమ్మగారూ, కాఫీ దయచేయిస్తారా" అని ఆటపట్టించేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, గిన్నెలు తోముకుంటూ ఏడ్చేదాన్ని. తొమ్మిది నెలలు మోసి కన్నది నేను, పాలిచ్చింది నేను, జ్వరమొస్తే ఒళ్లో వేసుకుని కూర్చున్నది నేను. అమ్మ ఆవిడా? కడుపు మండిపోయేది. ఈ మాట మొదటిసారి పైకి అంటున్నాను. కడుపు మండిపోయేది.

ఆ వారం మా సెక్షన్ జాబితాలో పైడమ్మ గది వచ్చింది. ముందు రోజు సాయంత్రం పిల్లని తీసుకురావడానికి వెళ్లినప్పుడు ఆవిడని పక్కకి పిలిచి చెప్పాను. రేపు మా సారు వస్తున్నాడు, నేనూ వస్తాను, నన్ను ఎరగనట్టే ఉండు, గుడ్డలన్నీ ఉతికి శుభ్రంగా పెట్టు అని. మంచి మనసుతోనే చెప్పాను. ఇంకేది నమ్మకపోయినా ఇది నమ్మండి. చెప్పిన ఐదు నిమిషాల వరకు నా మనసులో ఏ కల్మషమూ లేదు.

తర్వాత నా కూతుర్ని రమ్మని చేతులు చాపాను. అది పైడమ్మ కాళ్ల వెనక్కి పోయి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, తల బయటికి పెట్టి అంది. "ఆపీసమ్మా, రేపు రా."

అప్పుడే పనినుంచి వచ్చిన ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారక్కడ. గొల్లున నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది. ఎవరి నవ్వులోనూ విషం లేదు. చంటిపిల్ల ముద్దుమాటకి ఎవరైనా నవ్వుతారు. నేనూ నవ్వాను. పిల్లని లాగి ఎత్తుకున్నాను. అది వీధి మలుపు దాకా నా భుజం మీంచి వెనక్కి చేతులు చాపి అమ్మా, అమ్మా అని ఏడుస్తూనే ఉంది. బజారులో జనం నన్ను పిల్లల్ని ఎత్తుకుపోయేదాన్ని చూసినట్టు చూశారు.

ఆ రాత్రంతా కుట్ర పన్నానని అనుకోకండి. అంత తెలివి నాకు లేదు. మామూలుగానే నిద్రపోయాను. పొద్దున్న పిల్లని పక్క క్వార్టరావిడ దగ్గర వదిలి ఆఫీసుకి వెళ్లాను. జీపులో మా సారు, బెంగాలీ ఆయన, నెమ్మదైన మనిషి, నాతో అన్నాడు. మీవాళ్ల పద్ధతులు నాకు తెలియవమ్మా, నాకు అర్థం కానిది నువ్వు చెప్పు, వాళ్లకి అన్యాయం జరక్కూడదు. అందుకే నిన్ను తీసుకెళ్తున్నాను అని. ఈ మాటలు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

పైడమ్మ గది అద్దంలా పెట్టింది. కిటికీలు తెరిచి ఉన్నాయి. సున్నం వాసన ఇంకా పోలేదు. నీళ్లకుండకి మూత, మూతమీద బోర్లించిన గ్లాసు. పిల్లలు చాపలమీద కూర్చుని బెల్లం అటుకులు తింటున్నారు. టేపు ఒక కొస నేను, ఒక కొస సారు పట్టుకుని కొలిచాం. చోటు సరిపోయింది. సారు పెన్సిలుతో ఒక్కో గడిలో మార్కులు వేస్తున్నాడు. పక్కనించి చూస్తూనే ఉన్నాను, బీ సులువుగా దాటుతోంది. ఏ కూడా రావచ్చు.

ఉయ్యాలలు మాత్రం ఉయ్యాలల్లా లేవు. నేను చెప్పిన మాట పట్టుకుని పైడమ్మ తెల్లవారకముందే పదకొండు చీరలూ విప్పి ఉతికేసింది. దండేనికి చోటు చాలక, అవే తాళ్లకి ఒక్కొక్క కొస ముడేసి వదిలింది. దూలంనించి తడిగా, పొడుగ్గా వేలాడుతున్నాయి. మన ఇళ్లల్లో పుట్టిన ఎవరైనా ఆ తాళ్లు చూసి చెప్పేస్తారు, అవి ఉయ్యాల తాళ్లని. బెంగాలీ ఆయనకి ఎలా తెలుస్తుంది?

చంటిపిల్లలు ఎక్కడ పడుకుంటారు అని సారు ఇంగ్లీషులో నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా పెన్సిలు పైకి చూపించి, అవేమిటి అన్నాడు. పైడమ్మ నా పక్కనే ఉంది, చంకలో ఒక పిల్లాడు. నా మొహంలోకి చూస్తోంది. సరిగ్గా నా ఎదురుగా నా ఆకుపచ్చ చీర.

"వాషింగ్, సర్."

తుమ్మినంతసేపు కూడా పట్టలేదు. ఎవరో నా నోటితో అన్నట్టు అనిపించింది అని చెప్పాలనుంది మీకు. అబ్బే, కాదు. నేనే అన్నాను. అంటున్నప్పుడు నాకు తెలుసు. మూడో పేజీ తెలుసు, ఆ గడి తెలుసు, సీ తెలుసు. ఆ క్షణంలో నా చెవిలో ఉన్నది ఒకటే, రేపు రా.

సారు తల ఊపాడు. అప్పుడే పైనించి ఒక నీటిచుక్క ఫారంమీద పడింది. ఆయన చేత్తో తుడిచి, ఆ గడి ఖాళీగా వదిలి, వెనక నీళ్ల తొట్టి చూడ్డానికి వెళ్లాడు. చాలా ఏళ్లు ఆ చుక్కే నాకు సాకు. అబద్ధమెలా అవుతుంది? ఉతికిన బట్టలే కదా, నీళ్లు కూడా కారుతున్నాయి కదా! ఇలాంటి లాయరు వాదన నాతో నేనే ఎన్నిసార్లు చేసుకున్నానో. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని. గెలిచాక అన్నం సహించేది కాదు.

సారు అటు వెళ్లగానే పైడమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఏటడిగినాడమ్మా ఆ బాబు? పైకి సూపించినాడు?"

"అవేంటని అడిగాడు."

"నువ్వేటన్నావు?"

"ఉయ్యాలలని చెప్పాను."

"బతికించినావు తల్లీ. నాకా ఇంగిలీసు రాదు, ఆ బాబుకి మన బాస రాదు. నువ్వు నేకపోతే నానేటి సెప్పుదును? గుడ్డలారేసుకున్నారనుకుని ఎల్లిపోదుడు."

నా బుగ్గలు రెండు చేతులతో పుణికి మెటికలు విరిచింది. ఆ చేతులకి సున్నం, సబ్బు కలిసిన వాసన. నేను గడియారం చూసుకున్నాను.

ఇక్కడితో ఆగిపోయినా నన్ను నేను ఎలాగోలా సముదాయించుకునేదాన్నేమో. నోరు జారింది, కోపం మీద ఉన్నాను, చిన్నదాన్ని అని. కానీ పెన్సిలు మార్కుల మీద సిరా దిద్ది, కూడి, ఖాళీ గడులు నింపి సంతకానికి పెట్టే పని నాదే. రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద చల్లగా కూర్చుని ఆ ఫారం తీశాను. మూడో పేజీలో చుక్క పడిన చోట కాగితం ఉబ్బి ఉంది. ఉయ్యాలలు ఎన్ని అనే గడి. పదకొండు అని రాస్తే ఎవరూ అడ్డుపడేవారు కాదు. సార్, అవి మావాళ్ల ఉయ్యాలలు, ఆ పూట ఉతికారు అని ఒక్క మాట చెబితే ఆయన సంతోషించేవాడు కూడా. కోపం అప్పటికి చల్లారింది. మరి ఎందుకు? పదహారేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. కోపం పోయాక మిగిలింది ఆశ. ఆవిడ లేకపోతే నా పిల్ల నన్ను అమ్మ అంటుంది. అంతే. నిల్, అంటే ఒక్కటీ లేదని, రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఆఫీసులో పేరు.

మూడు వారాలకి ఉత్తరం వెళ్లింది. సీ గ్రేడు, నెలలో మూసివేత. పైడమ్మ ఆ ఉత్తరం పట్టుకుని చదివించుకోవడానికి ఎవరి దగ్గరికి వచ్చిందనుకున్నారు? నా దగ్గరికే. మా క్వార్టర్ మెట్లమీద కూర్చుంది. అందులో కారణం స్పష్టంగా ఉంది, చంటిపిల్లలకు ఉయ్యాలలు లేవు అని. అది చదివితే నా బండారం బయటపడుతుంది కదా! అందుకని, గది చిన్నదట పైడమ్మా అన్నాను. ఎంత చిన్నదని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలిగా. నాలుగడుగులు తక్కువట అన్నాను. నాలుగడుగులంటే ఎన్ని మూరలని అడిగింది. మూడు మూరలనుకో అన్నాను. ఆవిడ అక్కడే మోచేతినించి వేళ్ల దాకా మూడుసార్లు గాల్లో కొలుచుకుని, ఓస్ ఇంతేనా అన్నట్టు లేచి వెళ్లింది.

ఆ ఆదివారం ఇద్దరు ఆడకూలీలని తోడు పెట్టుకుని, వంటగది మధ్య గోడ పడగొట్టేసింది. గది మూడు మూరలు పెరగాలి కదా మరి. అద్దె ఇల్లు. ఇంటివాడు వచ్చి చూసి శివాలెత్తిపోయాడు. ఎవరు కొట్టమన్నారని అరిస్తే, ఆపీసోళ్లు సెప్పినారు అందట. వారం తిరక్కుండా సామాన్లు బయట పెట్టించాడు. ఆవిడ చేసిన ఒక్క తప్పు, నా మాట నమ్మడం.

వెళ్లేముందు ప్రతి తల్లి చీరా ఉతికి, మడతపెట్టి, ఇంటింటికీ తిరిగి ఇచ్చి వెళ్లింది. నాదీ తెచ్చింది. గోవిందపూర్‌లో తమ్ముడి దగ్గరికి పోతున్నానంది. నా కూతురు లోపల నిద్రపోతోంది. గుమ్మంలోంచి తొంగి చూసి, లేపకు, లేస్తే ఏడుత్తాది అని, గబగబా వెళ్లిపోయింది. ఆ చీర నా బీరువాలో ఉంది. రెండు కొసల దగ్గరా ముడి ముడతలు ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు.

మిగతా పదిమంది తల్లులు? ఒకామె పని మానుకుని ఊరెళ్లిపోయింది. మిగిలినవాళ్లు పిల్లల్ని పనిదగ్గరికే తీసుకెళ్లారు. ఒకరోజు బస్సులో మాంగో అనే పేట వైపు పోతుంటే, కడుతున్న ఇంటి ముందు రెండు వెదురుగడల మధ్య ఒక ఎర్రచీర ఉయ్యాల కనిపించింది. ఆ ఎర్రచీర నాకు తెలుసు. చుట్టూ సిమెంటు దుమ్ము లేస్తోంది. నేను అవతలివైపు సీట్లోకి మారి కూర్చున్నాను.

నా కూతురు తొమ్మిది రోజులు వెతికింది. తలుపు చప్పుడైతే అమ్మా అని పరిగెత్తేది. పదో రోజో పదకొండో రోజో, మంచినీళ్లు కావాలని నా కొంగు లాగి, అమ్మా అంది. నేనేం చేశానో చెప్పనా? సంబరపడ్డాను. చక్కెర వేసి పరమాన్నం వండాను. మా ఆయన ఏమిటి విశేషం అంటే, ఊరికే అన్నాను. మీ దగ్గర ఏదీ దాచకూడదనుకున్నాను కాబట్టి ఇదీ చెబుతున్నాను. ఇన్నిటిలోకీ నాకు సిగ్గేసేది ఆ పరమాన్నం తల్చుకుంటేనే.

ఎనిమిదేళ్ల తర్వాత ఒకసారి గోవిందపూర్ వెళ్లాను. తమ్ముడి ఇల్లు దొరికింది. అక్క ఖరగ్‌పూర్‌లో చుట్టాల దగ్గరికి పోయి చాలాకాలమైంది, ఉత్తరం ముక్క లేదు అన్నాడు. నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? అమ్మయ్య. పైకి కాదు, లోపల. వెతికాను, దొరకలేదు, ఇక నా తప్పు లేదు అనుకుని తిరుగు బస్సెక్కాను. బస్సు దిగేసరికే ఆ అమ్మయ్య అరిగిపోయింది. మళ్లీ రెండు ముక్కలు.

చూశారా, ఇంతదాకా చెప్పేశాను! ఆకాశం విరిగి మీద పడలేదు. నిజం చెప్పొద్దూ, ఊపిరి లోపలిదాకా పోతోంది.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన నెల ఇలా జరిగింది. నేనిప్పుడు సెక్షన్లో పెద్దదాన్ని. కొత్తగా చేరిన అమ్మాయిలకి గ్రేడులు ఎలా వేయాలో నేర్పే పని నాకు పెట్టారు. ఆరుగురు అమ్మాయిలు, ఒక నల్లబల్ల. ఏ అంటే ఏమిటి, బీ అంటే ఏమిటి, ఎన్ని మార్కులకి ఏది అని సుద్దముక్కతో రాసి చెబుతున్నాను. మూడో పేజీకి వచ్చాను. వాళ్లలో ఒకమ్మాయి మనవాళ్ల పిల్లే, మాంగోనించి వస్తుంది, తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. చెయ్యెత్తింది. "మేడమ్, చీర కట్టి ఊపుతారు కదా, వో భీ ఝూలా మానేంగే క్యా?" అదీ ఉయ్యాల కిందికే వస్తుందా అని.

సుద్దముక్క నా చేతిలో విరిగింది. వంగి ముక్కలు ఏరుకున్నాను. 

వస్తుంది అన్నాను. తప్పకుండా వస్తుంది. తాడు గట్టిదేనా, ముడి బిగిసిందా, నేలకి ఎంత ఎత్తులో ఉంది, అది చూడండి. ఉతికి ఆరేసి ఉంటే, బట్టలని అనుకోకండి. మీకు తెలిసినా సరే, తెలిసిందే కదా అని మీరు జవాబు చెప్పకండి. ఆ గది నడిపే మనిషిని అడగండి. ఆవిడ ఏం చెప్పిందో ఆవిడ మాటల్లోనే రాయండి. రాసింది ఆవిడకి, ఆవిడ భాషలో, చదివి వినిపించి అప్పుడు సంతకం పెట్టండి. ఇదంతా ఏ ఫారంలోనూ లేదు, నేనే అన్నాను. ఆ అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. ఇంటికెళ్లేటప్పుడు కాళ్లు తేలికగా ఉన్నాయి. ఎందుకో అప్పుడు తెలియలేదు. ఆ సంగతి గురించి, పేరు లేకుండానైనా, నిజం మాట్లాడటం అదే మొదటిసారి.

దాంతో, ఇంకాస్త నిజం చెబితే ఇంకాస్త తేలికవుతానేమోనని ఆశ పుట్టింది. పాత ఫైళ్లు తగలబెట్టడానికి వేరుచేసి గోదాములో పడేశారు. మంచిదే కదా, కాలిపోతే ఇక సాక్ష్యం ఉండదు, ఇన్నాళ్లూ ఆ రోజు కోసమే చూశాను. కానీ నిన్న భోజనాల వేళ తాళం చెవి అడిగి తీసుకుని వెళ్లాను. పావుగంటలో దొరికింది. కాగితం పసుపెక్కింది. మూడో పేజీలో చుక్క పడిన చోటు ఇంకా ఉబ్బెత్తుగానే ఉంది, వేలికి తగులుతోంది. పక్కనే నా గుండ్రటి దస్తూరి.

క్షమించిందా అని మీరు అడగొచ్చు. ఎవరు క్షమిస్తారు? ఆవిడ ఉందో పోయిందో తెలియదు. ఉన్నా, తన గది చిన్నదనే అనుకుంటూ ఉండి ఉంటుంది. మీరు క్షమించినా అది చెల్లదు, మీ ఇంటి గోడ కాదు పడింది. నా కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. తను మొదట అమ్మ అని పిలిచింది ఎవరినో దానికి తెలియదు. అది దానికి నేనే చెప్పాలి, బీరువాలోంచి ఆ చీర తీసి ముందు పెట్టి చెప్పాలి. అది ఇంకా చెయ్యలేదు. ఈ ఆదివారం చేస్తాను. వింటే మొహం తిప్పుకుంటుందేమో. తిప్పుకోనీ.

నిన్న చేసింది మాత్రం చిన్న పని. గోదాములో పాత డబ్బామీద కూర్చుని, పెన్ను తీసి, నిల్ అన్నదాన్ని ఒక గీతతో కొట్టేసి, పక్కన రాశాను. ఇంగ్లీషులో కాదు, తెలుగులో. కింద నిన్నటి తేదీ వేసి, పూర్తి పేరుతో సంతకం పెట్టాను. ఫైలు మూసి మళ్లీ ఆ కట్టలోనే పెట్టేశాను. రేపో ఎల్లుండో మిగతావాటితో పాటు కాలిపోతుంది, ఎవరూ చదవరు. ఫరవాలేదు. తిరిగి వచ్చి క్యారేజీ విప్పి అన్నం మొత్తం తిన్నాను, చివరి మెతుకు దాకా, ఆకలేసి.

రాసింది ఇది: "ఉయ్యాలలు పదకొండు. నేను చూశాను. ఆకుపచ్చది నాది."